గురువమ్మ గొంతు చెరిపింది నేను

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం నాతోపాటే నిద్ర లేస్తోంది. నాతోపాటే పళ్లు తోముకుంటుంది, నాతోపాటే పనికి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లకు తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి ఒక్కసారి చెప్పాను, ఆలస్యంగా. అప్పుడేమైందో కూడా రాస్తాను. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికైతే నోరు పెగులుతుందేమో అని మొదలుపెట్టాను.

మాది బిజినేపల్లి దగ్గర పల్లె. ఉండేది వనపర్తిలో. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నా పని. కంపెనీ ఎక్కడో దూరాన ఉంటుంది, నేను ఇంట్లో కూర్చుని చేస్తాను. జీతం వచ్చే ఆ పని కాక, కొద్దిమందిమి కలిసి ఇష్టంతో రాసుకునే సాధనం ఒకటుంది. అలాంటి వాటిని వెర్షన్ కంట్రోల్ అంటారు. మీరు ఒక ఫైలును ఎన్నిసార్లు మార్చినా ప్రతి మార్పునూ అది దాచి ఉంచుతుంది. నిన్నటిది కావాలన్నా, పోయినేడు రాసింది కావాలన్నా వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఏదీ పోనివ్వకపోవడమే దాని పని. ఈ మాట ఎంతమందికి చెప్పానో.

సువార్త అక్కకు కూడా చెప్పాను.

ఆమె వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఒక ఏడు సీనియర్. ఇటిక్యాల మనిషి. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు, ఇక్కడ పనుల్లేని కాలంలో పుణె వైపు వలస వెళ్లేవాళ్లు. ఆమె హాస్టళ్లలో పెరిగింది. చదువయ్యాక మన్ననూరులో ఒక చిన్న బడిలో టీచరుగా చేరింది. ఆ బడికి అడవి లోపలి చెంచు పెంటల నుంచి, అంటే చెంచుల గూడేల నుంచి, పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్లలో ఒక పాప నాయనమ్మ గురువమ్మ.

గురువమ్మ దగ్గర అడవి మొత్తం పేర్లుగా ఉండేదట. వాగు తిరిగే మలుపుకు ఒక పేరు, ఎండాకాలం కూడా నీళ్లు ఊరే గుంటకు ఒక పేరు, తేనెపట్లు కట్టే బండకు ఒక పేరు. ఒక్కో పేరు వెనక ఎవరో పుట్టిన కథ, ఎవరో పోయిన కథ. పులుల అడవి కనుక పెంటల్ని బయటికి తరలిస్తారన్న మాట నడుస్తున్న రోజులవి. "మేం ఎల్లిపోతే గా బండను ఎవరు పిలుస్తరు బిడ్డా?" అని ముసలమ్మ అడిగిందని అక్క నాకు చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక పెంటకు వెళ్లి, ఫోన్ ముందు పెట్టి, గురువమ్మ చేత చెప్పించుకునేది. ఎవరూ అడగని పని. ఆ పనిలో ఉన్నప్పుడు ఆమె ముఖం వేరేగా ఉండేది.

ఆ రికార్డులన్నీ మా సాధనంలో పెట్టుకోమన్నది నేను. అసలు రికార్డులను ఒక పక్క శాఖలో, అంటే ఆ సాధనంలోనే విడిగా ఉండే అరలాంటి చోట, ఉంచమన్నది నేను, రోజూ పని చేసుకునే చోట బరువు తగ్గుతుందని. ఫోన్ నిండిపోయిందంటే, "ఒకపారి గిందుల ఎక్కినంక యాడికీ పోదక్కా, ఫోన్ల తీసెయ్" అన్నది కూడా నేనే. ఆమె తీసేసింది. పెద్ద ఫైళ్లను బయటికి పంపే నెట్ అక్కడ లేదు. వనపర్తికి వచ్చినప్పుడు ఇంకో డిస్కులోకి ఎక్కిద్దాం అనుకున్నాం. అనుకోవడమే అయింది.

ఆమె లాప్‌టాప్ పాతది. రికార్డు దాచిన ప్రతిసారీ మా సాధనం కదలక మెదలక కూర్చునేది. పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికాక వచ్చి చూసినా ఇంకా తిరుగుతూనే ఉండేదట. మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడిగేది. "అదేందో అడుగుతది తమ్మీ, నేను ఔననాల్నో కాదనాల్నో తెల్వదు" అనేది. వేరే చోట్ల దాన్ని వాడేవాళ్లదీ అదే గోల. నెమ్మది, పైగా తలతినే ప్రశ్నలు. వేగం పెంచి, వాడకం తేలిక చేసే పని నేను మీద వేసుకున్నాను.

మంచి ఉద్దేశంతోనే వేసుకున్నాను. ఈ ఒక్క మాట నాకు దక్కనివ్వండి.

నెమ్మదంతా ఒక్క చోటే ఉంది. ఎవరికీ అక్కర్లేని పాత ముక్కలను పారేసే ముందు, ప్రతి శాఖలోకీ వెళ్లి ఇది ఎవరికైనా కావాలా అని వెతికేది సాధనం. ఆ వెతుకులాటకే అంతసేపు. నేను దాన్ని తీసేసి, కావలసిన ముక్కల చిన్న జాబితా ఒకటి సాధనం చేతే తయారు చేయించాను. దాన్ని చూస్తే చాలు, శాఖలన్నీ తిరగక్కర్లేదు. తీసేయమంటారా అని అడిగే ప్రశ్నను కూడా ఎత్తేశాను. ఇక శుభ్రం చేయడం దానంతటదే జరిగిపోతుంది. అన్నం ఉడికేంత సేపు పట్టే పని కన్ను మూసి తెరిచేలోపు అయింది. తోటివాళ్లు మెచ్చుకున్నారు. పక్క శాఖల్లో ఉన్నవి ఆ జాబితాలోకి వస్తున్నాయో లేదో చూడాలి అన్న ఆలోచన నాకు వచ్చింది. రాలేదని చెప్పుకుంటే ఎంత బాగుండేది! వచ్చింది. రేపు చూద్దాం అనుకున్నాను. అందరికీ ఇవ్వడానికి ముందే ఆమెకు పంపాను. "నీ కోసమే చేసిన అక్కా" అన్నాను. గొప్ప చూపించుకోవాలన్న తొందర.

ఆమె ఎంత సంబరపడిందో! "గుర్రం లెక్క ఉరుకుతుంది తమ్మీ" అంది. అది ఉరుకుతూ ఉరుకుతూ ఏం తొక్కుతోందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

ఆ వానాకాలం గురువమ్మకు జ్వరం తగిలింది. దవాఖానకు తీసుకొచ్చేసరికి ఆలస్యమైంది. దినాల నాడు ముసలమ్మ గొంతు అందరికీ వినిపించమని మనవరాలు అక్కను అడిగింది. మరునాడు పొద్దున్నే అక్క నుంచి నాకు ఫోన్.

"తమ్మీ, గురువమ్మయి ఒక్కటి గూడ తెరుచుకుంటలేవు. ఏదో ఎర్రగ రాసొస్తుంది."

తెరను ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. చూడగానే తెలిసిపోయింది. అయినా నా ప్రోగ్రాము తెరిచి, నేను రాసిన చోటును మళ్లీ చదివాను. పక్క శాఖలను అది లెక్కలోకే తీసుకోవడం లేదు. అక్కడున్నవన్నీ ఎవరికీ అక్కర్లేనివని తేల్చి, అడక్కుండా పారేసింది. కుర్చీలో కూర్చున్నాను. పక్కింటి కుక్కర్ కూత వేస్తోంది. నాకు ఏం అనిపించింది? దుఃఖమా? మొదట అనిపించింది దుఃఖం కాదు. ఇది బయటపడితే తోటివాళ్ల ముందు నా పరువేం కాను అనిపించింది. ఇంకా ఆ ముసలమ్మ గుర్తుకే రాలేదు.

ఫోన్ చేశాను.

"అక్కా, పాతయి తీసేసే కమాండ్ ఏమన్న కొట్టినవా?"

"ఏం కమాండ్?"

"క్లీన్ చేసేది. అది కొడితె గిట్లనే పోతయి."

అవతల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"కొట్టిన్నేమో తమ్మీ. మంచిగ యాదికి లేదు. మొన్నొకపారి ఏదో అడిగినట్టుండె. ఔనని కొట్టిన్నేమో."

ఆమె వాడుతున్న దాంట్లో అసలు ప్రశ్నే లేదు. ఆ ప్రశ్నను ఎత్తేసింది నేను. లేని ప్రశ్నకు తాను జవాబిచ్చానని ఆమె భయంతో అనుకుంటోంది. ఒక్క మాట, లేదక్కా, అది అడగదు అంటే సరిపోయేది.

"గదే అయ్యుంటది అక్కా" అన్నాను.

"మల్ల రావా?"

"రావు."

అక్కడితో ఆగినా బాగుండేది. కంప్యూటర్‌లో చెరిగిపోయింది వెంటనే మాయం కాదు. దాని మీద ఇంకొకటి రాసేదాకా ఎక్కడో మూలన మిగిలే ఉంటుంది. ఆ లాప్‌టాప్‌ను ముట్టుకోకుండా వనపర్తికి తెమ్మని ఉంటే కొన్నయినా తిరిగి దొరికేవి. నేనేం చెప్పానంటే, "పరేషాన్ గాకు అక్కా, సిస్టమ్ మొత్తం ఒకపారి ఖాళీ చేసి మల్ల కొత్తగ వేసుకో" అని చెప్పాను. ఎలా చేయాలో ఒక్కొక్కటీ ఫోన్‌లో చెప్పి చేయించాను. చెప్పినట్టే చేసింది. మిగిలిన ఆనవాళ్లు కూడా పోయాయి. నా తప్పు ఆనవాళ్లు, గురువమ్మ గొంతు ఆనవాళ్లు, రెండూ ఒకే చోట ఉన్నాయి మరి.

అలా చేయిస్తే ఇక దొరకవని నాకు తెలుసా? ఎన్నో ఏళ్లు ఈ ప్రశ్న చుట్టూ తిరిగాను. కంగారులో నోటికొచ్చింది చెప్పానని, ఆలోచించే స్థితిలో లేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ పని చేసి బతికేవాణ్ని నేను. తెలుసు. రాయడానికి ఇంతసేపు పట్టిన మాట ఇదే.

ఇంకొకటి కూడా ఉంది. అటువైపు ఉన్నది వేరే మనిషైతే, ఏ పెద్దింటి ఇంజనీరో అయితే, అలా అనగలిగేవాణ్నా? వాళ్లు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు, సరిచూసేవాళ్లు. సువార్త అక్క నమ్ముతుందని నాకు తెలుసు. హాస్టల్లో గ్లాసు పగిలినా, ఆఫీసులో కాయితం పోయినా ముందు తన వైపే చూసే లోకంలో పెరిగిన మనిషి. తప్పు నాదేనేమో అనుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటును నేను వాడుకున్నాను. భూములున్న మా ఇళ్లలో తరతరాలుగా అక్కవాళ్ల కులపువాళ్లను అలాగే వాడుకున్నారు. నేను చదువుకున్నాను కనుక మర్యాదగా, అక్కా అని పిలుస్తూ వాడుకున్నాను.

దినాల నాడు ఆమె పెంటకు వెళ్లి అందరి ముందూ నిలబడి, నా చేతుల్నే పోయినయ్ అని చెప్పిందట. ఎవరూ తిట్టలేదట. మనవరాలు మాత్రం ఆ తర్వాత బడిలో ఆమె పక్కన కూర్చోవడం మానేసిందని, ఎప్పుడో మాటల మధ్య నాతో అంది. ఆ ఏడు గడవకముందే మన్ననూరు వదిలేసింది.

సాధనంలోని తప్పును అందరికీ ఇచ్చే ముందే సరిచేశాను. చిన్న సవరణ అని పక్కన రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడది చాలామంది వాడుతున్నారు. ఎంత వేగం, ఎంత సులువు అని రాస్తుంటారు. ఆ ఉత్తరాలు తెరవడానికి నాకు చేతులు రావు. గురువమ్మ వాళ్ల పెంట ఇప్పుడక్కడ లేదు. అందరినీ బయటికి తరలించారు. ఆ బండను, ఆ గుంటను ఏమని పిలిచేవాళ్లో చెప్పే గొంతూ లేదు.

అక్క ఇప్పుడు గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. హాజరు ఫోన్‌లో వేయాలంటే పక్క టీచరు చేతికిస్తుంది. "నేను ముట్టుకుంటె పోతది" అని నవ్వుతుందట. ఆమె కూతురు ఇంటర్ తర్వాత కంప్యూటర్ కోర్సులో చేరతానంటే వద్దని, వేరేది చదవమంది. ఆ సంగతి విన్న రోజు ఇక ఆగలేకపోయాను. మరుసటి సెలవు రోజు గద్వాల బస్సెక్కాను.

మధ్యాహ్నం వేళ వాళ్లింటి వరండాలో కూర్చుని అంతా చెప్పాను. జాబితా సంగతి, పక్క శాఖ సంగతి, ఖాళీ చేయమన్న సంగతి, అన్నీ. ఆమె పప్పు చెరుగుతూ వింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. చేట పక్కన పెట్టి నా వైపు జాలిగా చూసింది.

"నువ్వు మంచోనివి తమ్మీ. నా పానం నిమ్మలపడాల్నని గిట్ల చెప్తున్నవు."

"నిజం అక్కా. అది అసలు అడగనే అడగదు. నువ్వేం కొట్టలే."

"నాకు మంచిగ యాదికున్నది. తెర మీద అడిగింది, నేను ఔనని కొట్టిన. ఆ పొద్దు నా ఒంటి మీద ఏ చీర ఉండెనో గూడ యాదికున్నది."

ఫోన్‌లో ప్రోగ్రాము తెరిచి, ఏ వరుస తప్పో వేలు పెట్టి చూపించాను. "గవి నాకేం సమజైతయి" అని లేచి లోపలికి వెళ్లి ఛాయ్ పెట్టుకొచ్చింది. దానికి మించి ఇక వినలేదు. ఆమె కూతురు వస్తే, "ఈయన నా తమ్ముడు, గా కష్టంల నాకు మస్తు సాయం చేసిండు" అని చెప్పింది.

నేను చెప్పిన అబద్ధం ఆమెకు జ్ఞాపకమైపోయింది. దీనికి సాక్షి ఎవరని అడిగితే ఆమె తన కళ్లనే చూపిస్తుంది. అక్కడి నుంచి దాన్ని తీసేయడం నా వల్ల కావడం లేదు. క్షమిస్తే భరించలేను, తిడితే తట్టుకోగలను అనుకుంటూ వెళ్లాను. రెండింట్లో ఏదీ జరగలేదు. ఆ వరండాలో నేను ఇంకా మంచివాణ్నే.

అందుకే మీకు చెబుతున్నాను. మీరైనా నమ్మండి. ఆ రోజు తెర మీద ఏ ప్రశ్నా రాలేదు. సువార్త అక్క దేనికీ ఔనని కొట్టలేదు. చెరిపింది నా ప్రోగ్రాము. తెలిసి తెలిసి ఆమె మీదికి నెట్టింది నేను. ఎక్కడా రాసి లేని ఈ నాలుగు మాటలు ఇప్పుడు ఒకచోట రాసి ఉన్నాయి. ఆమెకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరికి కూడా సిగ్గుపడుతున్నాను.