పొగ డ్రమ్ముకు ఫ్యాను

అతని అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. వీధిలో అందరూ చిటపట అనేవారు. ఒక్క షట్టరు గదిలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు, నోటికే అదుపు లేదు. "దీన్ని విప్పిందెవడు? వాడి చేతులు విరగ్గొట్టాలి" అని మొదలుపెట్టి, విప్పింది ఎదురుగా నిలబడ్డ మనిషేనని తెలిసినా ఆపేవాడు కాదు. అంతకుముందు ముగ్గురు యజమానుల దగ్గర పనిచేసి, ముగ్గురితోనూ పోట్లాడి, ఎవరితోనూ వేగలేక సొంత కొట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు తనతో తాను వేగుతున్నాడా అంటే అదీ అనుమానమే.

ఇంతటి ముక్కోపీ ఒక్క మనిషి ముందు గొంతు తగ్గించేవాడు. ఆమె అతని అక్క. పని పోగొట్టుకుని వచ్చిన ప్రతిసారీ, ఎందుకు పోయిందని అడక్కుండా కంచం ముందు పెట్టిన మనిషి.

అక్కాబావలది పొగ మాంసం కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక రేకుల షెడ్డులో నిలువెత్తు ఇనప డ్రమ్ము. అడుగున బొగ్గులు, పైన కొక్కేలకు మాంసం. సన్నని వేడి మీద రోజంతా పొగలో మగ్గాలి. వేడి హెచ్చితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తగ్గితే నమలడానికి పళ్ళు చాలవు. అందుకని డ్రమ్ము అడుగునున్న గాలి కన్నాన్ని మూస్తూ తెరుస్తూ, నిప్పు నీరసిస్తే విసురుతూ, ఒక మనిషి పక్కనే కూర్చోవాలి. ఆ మనిషి అక్క. బావ ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్ళకి "అంతా నా హస్తవాసండీ" అని చెప్పుకునేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కేది. హస్తవాసి బావది, దగ్గు అక్కది.

ఆ దగ్గు ముదిరింది. నాలుగు మెట్లెక్కితే అక్క గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఇంక పొగ దగ్గర కూర్చుంటే ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని బతకాల్సి వస్తుందని నిక్కచ్చిగా చెప్పేసింది.

"డాక్టర్లు అలాగే భయపెడతారు. మా అమ్మ ఇదే డ్రమ్ము దగ్గర ముసలిదయ్యేదాకా కూర్చుంది" అన్నాడు బావ.

"మీ అమ్మ దేంతో పోయింది బావా?"

బావ ఆ ప్రశ్న విననట్టే, "అయినా మీ అక్కే ఏమీ అనడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు.

"దురద ఉందో లేదో కందని ఒక్కసారైనా అడిగావా?" అని అరిచి చిటపట బయటికొచ్చేశాడు.

ఆ కోపంతోనే పని మొదలుపెట్టాడు. మనిషి అక్కర్లేకుండా నిప్పును కాచే యంత్రం చెయ్యాలి. ఆలోచన తేలికే. డ్రమ్ము పక్కన కన్నం చేసి లోపలికొక వేడి చూసే పుల్ల దింపాలి. దాని వైరు చిన్న బోర్డుకు వెళ్తుంది. వేడి నూట పది డిగ్రీల కంటే తగ్గితే బోర్డు ఫ్యానును తిప్పుతుంది, గాలి తగిలి బొగ్గు రాజుకుంటుంది. వేడి చాలగానే ఫ్యాను ఆగిపోతుంది. మిగతా గాలి కన్నాలన్నీ మూసేస్తే నిప్పు చెప్పినట్టు వింటుంది.

మొదటిసారి పాత కంప్యూటరులోంచి పీకిన ప్లాస్టిక్ ఫ్యానును తిన్నగా గాలి కన్నానికే బిగించాడు. మధ్యాహ్నానికల్లా అది కరిగి మైనమైంది. ఆ కంపు పట్టిన మాంసాన్ని కుక్కలు కూడా ముట్టలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇప్పుడు ఫ్యానుని తిడతావు కాబోలు" అన్నాడు బావ. చిటపట ఫ్యానును తిట్టలేదు, తన తలనే తిట్టుకున్నాడు. వేడి పాకకుండా మధ్యలో మూరెడు ఇనప గొట్టం పెట్టి, ఇంకో ఫ్యాను బిగించాడు. తన కొట్టు వెనక ఒక పాత డ్రమ్ములో బొగ్గులు రాజేసి చూస్తే, పొద్దుటినుంచి సాయంత్రందాకా వేడి నూట పది దగ్గరే నిలబడింది.

తెచ్చి అక్క డ్రమ్ముకు బిగించి, మధ్యలో మూత ఎత్తొద్దని చెప్పాడు. మాంసం మాడింది.

ఫ్యానును వేసి ఆపే రిలే మార్చాడు. మళ్ళీ మాడింది. వేడి పుల్ల మార్చాడు, వైర్లన్నీ పీకి మళ్ళీ వేశాడు. బొగ్గులమ్మినవాణ్ణి, బోర్డు అమ్మినవాణ్ణి, వాళ్ళ ఏడు తరాలనూ తిట్టాడు. మాడుతూనే ఉంది. "రేపటినుంచి మళ్ళీ నువ్వే కూర్చోవే, కొట్టు మునిగిపోతోంది" అన్నాడు బావ. ఆ మాటతో చిటపటకి నిద్ర పట్టలేదు.

మర్నాడు తన కొట్టు షట్టరు దించేసి వచ్చి, షెడ్డులో గోడవారన గోనె సంచి మీద కూర్చున్నాడు. డ్రమ్ము బుద్ధిగా ఉంది. ఫ్యాను కాసేపు తిరుగుతోంది, కాసేపు ఆగుతోంది. అక్క పొగకు దూరంగా లోపలి గదిలో ఉంది. ఇంతలో ముందు గదిలోంచి బావ గొంతు వినిపించింది.

"ఏమే, ఓసారి మూత ఎత్తి చూడు!"

అక్క వచ్చింది. కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని మూత ఎత్తింది. పొగ గుప్పున లేచి ఆమెను కప్పేసింది. మూత తియ్యగానే వేడంతా పైకి పోయింది. నిప్పు చల్లారుతోందనుకుని బోర్డు ఫ్యానును ఆపకుండా తిప్పింది. బొగ్గులు భగ్గుమన్నాయి. అక్క దగ్గుతూ మూత వేసేసరికి లోపల కొలిమి తయారైంది.

"రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతున్నావక్కా?"

"ఆయన పిలిచినప్పుడల్లా."

"ఎత్తొద్దని చెప్పానా లేదా? నీకు బుద్ధుందా?" షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు. అక్క మీద గొంతెత్తడం అదే మొదలు.

అక్క మూత పిడిని వదల్లేదు. ముందు ఊపిరి కూడదీసుకుంది.

"నా మీద అరవకు. ఆయన లే అంటే లేవాలి, నువ్వు కూర్చో అంటే కూర్చోవాలి. చచ్చేది నేను, పోట్లాడుకునేది మీరిద్దరూ. నీ మిషను బాగుండాలని నీ గోల, కొట్టు బాగుండాలని ఆయన గోల. నాకు ఊపిరాడటం లేదురా! ఆ మాట నన్ను చెప్పనిచ్చారా ఎవరైనా?"

సిగ్గుతో చిటపట ముఖం మండిపోయింది.

అక్క ముందు గదిలోకి నడిచింది. బావ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని బరబరా లాక్కెళ్ళి, వీధి గుమ్మం బయట వేసుకుని కూర్చుంది. బావ తెల్లబోయాడు. అలవాటు ఊరుకుంటుందా, మళ్ళీ అన్నాడు.

"ఏమే, మూత..."

"మీరే లేచి చూసుకోండి."

మాంసం కోసం వచ్చిన ఇద్దరు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పరువు కోసమైనా లేవక తప్పలేదు బావకి. రుసరుసలాడుతూ షెడ్డులోకి వచ్చి, చిటపట వైపు గుర్రుగా చూసి, మూత ఎత్తి లోపలికి వంగాడు. ఎత్తొద్దని చిటపట చెప్పలేదు. మాంసం తగలబడితే తగలబడనీ అనుకున్నాడు.

బావ కళ్ళు మూసుకుపోయాయి. మూత చేతిలోంచి జారి దబ్బున పడింది. గోడ పట్టుకుని, వంగిపోయి, ఊపిరందక దగ్గాడు.

"ఇంత పొగేంటే ఇక్కడ?" అని వీధి గుమ్మం వైపు కేకేశాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి అడిగాడు ఆ ప్రశ్న. చిటపటకి చేతిలోని స్క్రూడ్రైవరు విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. అక్క వినే ఉంటుంది, కానీ వీధివైపు తిరిగిన కుర్చీ ఇటు తిరగలేదు.