సన్మానానికి నల్లబట్టలు

వెలీకా తోంకోవా సినిమాల్లో నటించిందని లిపోవోలో అందరికీ తెలుసు. ఏ సినిమాలో ఏ వేషం అని అడిగితే మాత్రం నీళ్లు నమిలేవారు. పెళ్లి సీనులో రొట్టె పట్టుకొచ్చే ఆవిడ, ఆస్పత్రిలో రెండో నర్సు, సైనికుడికి సూపు పోసే పల్లెటూరి ఇల్లాలు, శవం పక్కన ఏడ్చేవాళ్లలో ఎడమ చివర మనిషి. జీవితమంతా ఇవే వేషాలు. కెమెరా హీరోయిన్ కన్నీళ్ల మీద ఉండేది. వెనకాల అంతకంటే బాగా ఏడుస్తున్న వెలీకా మసకమసకగా కనిపించేది.

ఊరు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆడపడుచు కూనా మాత్రం పట్టించుకుంది. వెలీకా మొదటి సినిమా ఊళ్లో ఆడిన రోజు అత్తవారి బలగమంతా ముందు వరసలో కూర్చుంది. సినిమా అయిపోయి దీపాలు వెలగగానే కూనా లేచి నిలబడి, హాలంతా వినబడేలా అంది: "కళ్లు కాయలు కాసేలా చూశాను వదినా, నీ మోచెయ్యి తప్ప ఏమీ కనబళ్లేదు. ఇంతకీ మోచేతికి మేకప్పు వేశారా, లేదా?"

హాలు ఘొల్లుమంది. ఆనాటి నుంచి వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. వెలీకా భర్త యోర్దాన్ ఉన్నంతకాలం ఇటు కబురు అటూ, అటు కబురు ఇటూ మోసి అలిసిపోయాడు. ఆయన పోయాక అదీ లేదు. సంతలో ఎదురుపడితే ఒకావిడ మిరపకాయల వైపు చూసేది, ఇంకొకావిడ గుమ్మడికాయల వైపు చూసేది. కూరగాయలవాళ్లు కూడా అలవాటుపడి ఇద్దరినీ చెరో కొసన నిలబెట్టి బేరం చేసేవారు.

అలాంటి వెలీకాకి డెబ్భై దాటాక బహుమతి వచ్చింది. ఎవరో కుర్ర దర్శకుడు ఆవిడని అమ్మమ్మ వేషంలో పెట్టి, కెమెరాని మొహం దగ్గరికి తెచ్చాడు. సముద్రం ఒడ్డున జరిగే సినిమా పండుగలో ఉత్తమ సహాయనటి అన్నారు, చేతికి కంచుబొమ్మ ఇచ్చారు. ఇంటికొచ్చి దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, టీవీ పక్కన పెట్టింది, చివరికి వీధిలోకి కనబడేలా కిటికీలో పెట్టింది. పక్కింటావిడ తలెత్తి చూసి, "పావురాల్ని తోలడానికా?" అని అడిగింది.

ఊళ్లో గ్రంథాలయ భవనం నడిపే స్తానిమీర్ మాత్రం మంచి కుర్రాడు. "అత్తా, ఆదివారం మన హాల్లో నీకు సన్మానం చేద్దాం" అన్నాడు. వెలీకా మురిసిపోయింది, వెంటనే బెంగపెట్టుకుంది. ఆ హాల్లో కిందటిసారి జరిగిన కవితా సాయంత్రానికి వచ్చినవాళ్లని ఒక బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. వాళ్లలో ఒకాయన చలి కాచుకోవడానికి వచ్చాడు.

హాలు నిండకపోయినా ఫర్వాలేదు, కూనా రావాలి. వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. ఈవిడ నటి అని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. కంచుబొమ్మ ఇవ్వలేనిది అదొక్కటే, వెలీకాకి కావలసిందీ అదొక్కటే. కానీ స్తానిమీర్ పిలవమంటే మాత్రం "నేనెందుకు పిలుస్తాను? గోడ మీద కాగితం చూసి రావాలనుంటే వస్తుంది" అంది. పళ్ల సెట్టు సరిచేయించుకోవడానికి రాజధాని సోఫియాకి బస్సెక్కి, ఆదివారం పొద్దున తిన్నగా హాలుకే వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

గోడ మీద కాగితం పని అచ్చుపని చేసే మ్లాదెన్‌కి పడింది. మ్లాదెన్ ఎన్నో ఏళ్లుగా అచ్చువేసేది చావు కబుర్లే. పోయినప్పుడొకటి, నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి. పైన శిలువ, ఫొటో, పేరు, చుట్టూ నల్ల అంచు. లిపోవోలో తలుపుల మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపులో అవే ఉంటాయి. జనం పొద్దున్నే రొట్టెకి వెళుతూ వాటిని ఓ చూపు చూసి, ఎవరున్నారో ఎవరు లేరో తెలుసుకుని ఇంటికొస్తారు. మ్లాదెన్ చెయ్యి అలవాటుకొద్దీ వెలీకా ఫొటో చుట్టూ నల్ల అంచు కట్టేసింది. ఇది సన్మానం కదా అని గుర్తొచ్చి, శిలువ తీసేసి ఆ చోట ఓ ఆకు బొమ్మ పెట్టాడు. అది చర్చికి వెళ్లని శవాలకి పెట్టే ఆకు అన్న సంగతి అతనికి తట్టలేదు. ఆదివారం, హాల్లో అని పెద్దక్షరాల్లోనూ, బహుమతి సంగతి కింద చిన్న అక్షరాల్లోనూ శుభ్రంగానే వేశాడు. కానీ నల్ల అంచు చూశాక కింద అక్షరాలు చదివేవాడు లిపోవోలో ఇంకా పుట్టలేదు. ఒక కాగితం, అదీ అలవాటే, తీసుకెళ్లి వెలీకా ఇంటి తలుపుకే అంటించాడు. చూసినవాళ్లు అనుమానంతో తలుపు తట్టారు. లోపల్నుంచి పలుకులేదు. ఇంకేం కావాలి?

ఆదివారం వెలీకా బస్సు దిగి హాలు వెనక గుమ్మంలోంచి వేదిక వెనక్కి వచ్చింది. తెర అవతల సందడి వినబడింది. కొంచెం సందు చేసుకుని చూసింది. హాలు కిటకిటలాడుతోంది! కుర్చీలు చాలక గోడవారన కూడా నిలబడ్డారు. మగవాళ్లందరూ నల్ల కోట్లు వేసుకొచ్చారు, ఆడవాళ్లు నల్ల రుమాళ్లు కట్టుకొచ్చారు. సన్మానమంటే ఎంత గౌరవం, ఎంత పద్ధతి అనుకుని పొంగిపోయింది. ముందు వరసలో కూనా. చేతిలో ఎర్రపూలు.

అప్పుడే స్తానిమీర్ చెమటలు కక్కుకుంటూ వచ్చిపడ్డాడు.

"అత్తా, కొంప మునిగింది. నువ్వు పోయావనుకుంటున్నారు."

"ఎక్కడికి పోయాను?"

"పైకి!" అని చేతిలో కాగితం చూపించాడు.

వెలీకా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "ఫొటో బాగానే పడింది" అంది.

"అత్తా! వాళ్లు నీ ఆత్మశాంతికి పంచే గోధుమలు ఉడకబెట్టుకొచ్చారు! ఇప్పుడెళ్లి చెప్పేస్తాను."

"ఉండరా. కూనా లేస్తోంది."

కూనా నిజంగానే లేచింది. చనిపోయినవాళ్ల గురించి ఎవరో ఒకరు నాలుగు మంచిమాటలు చెప్పాలి, దగ్గరి బంధువు ఈవిడే. గొంతు సవరించుకుని హాలు వైపు తిరిగింది.

"మోచెయ్యి తప్ప కనబళ్లేదన్నాను. మీరంతా నవ్వారు. మీరు నవ్వారని నాకూ గర్వమొచ్చింది, ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను. తర్వాత దాని ప్రతి సినిమా చూశాను. మీ కళ్లబడకుండా బస్సెక్కి పక్కూరు పోయి చూశాను. సూపు పోసేటప్పుడు ఆ సైనికుడి మొహం చూడదు, గిన్నెనే చూస్తుంది, ఎందుకో తెలుసా? వాడు తిరిగి రాడని దానికి తెలుసు. మీరెవరైనా చూశారా? హీరోయిన్ని చూస్తూ కూర్చున్నారు, వెర్రిమొహాల్లారా! మా వదిన నటి. ఈ మాట దానికి చెప్పుంటే నా నోరేమైనా పడిపోయేదా?"

ఆపైన ఏడుపందుకుంది. తెర వెనక వెలీకాకి ఇంకాసేపు చచ్చిపోయి ఉంటే బాగుండునని నిజంగా అనిపించింది. కానీ అవతల కూనా వెక్కివెక్కి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. తెర తొలగించుకుని వేదిక మీదికి నడిచింది.

కేకలు లేచాయి. గోధుమల పళ్లెం ఒకటి కిందపడి దొర్లింది. చనిపోయిన ఆత్మ కోసం రకీయా సారా చుక్కలు నేల మీద చల్లుతున్న ముసలాయన, సీసా వైపు చూసి, మిగతాది గబగబా తనే తాగేశాడు. "దుకాణం మూసుకొచ్చానమ్మా నీకోసం!" అని వెనకనుంచి ఒకతను నిష్టూరమాడాడు.

"బతికే ఉన్నావా?" అంది కూనా.

"ఏం చెయ్యను కూనా, బతికే ఉన్నాను."

"ఊరందరి ముందూ నా చేత అన్ని మాటలనిపించి ఇప్పుడొస్తావా! సిగ్గులేదూ!"

కూనా మొహం ఎర్రబడింది. తలుపు వైపు రెండడుగులు వేసింది, ఆగింది, చేతిలో పూల వైపు చూసుకుంది. చచ్చినవాళ్లకి సరిసంఖ్య పూలు, బతికున్నవాళ్లకి బేసి. అందులోంచి ఒకటి చటుక్కున లాగి స్తానిమీర్ చేతిలో కుక్కి, మిగిలినవి పట్టుకుని వేదికెక్కింది. అది చూసి హాలంతా తాము తెచ్చిన పూలలోంచి తలా ఒక పువ్వు పీకడం మొదలెట్టింది. స్తానిమీర్ చేతులు చాలక కోటు పరిచి పట్టుకున్నాడు.

"తీసుకో. నేనన్నవేవీ లెక్కలోకి రావు. అవి చచ్చినదాని గురించి" అంది కూనా.

"మరి బతికున్నదాని గురించి?"

కూనా పూలు ఆవిడ చేతుల్లో పెట్టింది.

"ఆ అమ్మమ్మ సినిమాలో చివర, మనవరాలు తలుపేసుకుని వెళ్లిపోయాక, తొందరపడి ఏడ్చేశావు. ఇంకొంచెం ఆగాల్సింది."

ఆ సీను తీసిన రోజు నుంచీ వెలీకాని తొలుస్తున్న ముక్క అదే. దర్శకుడు అద్భుతం అన్నాడు, పత్రికలు అద్భుతం అన్నాయి, బహుమతిచ్చినవాళ్లు ఆ సీనే తెర మీద వేసి చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ కనబడలేదు. కనబడలేదని సంతోషించాలో ఏడవాలో తెలియక ఇన్ని నెలలూ ఒంటరిగా మోసింది.

"అవునే, తొందరపడ్డాను" అంది వెలీకా ఆడపడుచు చెయ్యి పట్టుకుని. ఈసారి కూడా ఆగలేకపోయింది, అక్కడే ఏడ్చేసింది.