చిల్కానగర్ పాఠకుడు

నా చిన్నప్పుడు నాచారంలో మా పక్కింటి అక్క ఒక లిఖిత పత్రిక నడిపేది. అన్నీ రాకెట్లు, గ్రహాలు, యంత్రమనుషుల కథలే. నెలకు ఒక్కటే ప్రతి. అక్క గుండ్రటి అక్షరాలతో రాసి, దారంతో కుట్టి పంపితే, అది ఉప్పల్ దాకా ఇల్లిల్లూ తిరిగి వచ్చేది. చదివినవాళ్లు అభిప్రాయాలు రాయడానికి చివర నాలుగు ఖాళీ పేజీలు ఉండేవి.

అందులో సీరియల్ రాసేది మా నాయిన. ఫ్యాక్టరీలో ఫిట్టరు. అంగారకుడి మీదికి బయలుదేరిన ఆరుగురి కథ అది. మూడో భాగం నాటికి ఆయనకు టీబీ అని తేలింది. పని పోయింది. మంచం వెనక గదిలోకి మారింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. గోలీలు వేసుకోమంటే వినేవాడు కాదు. అమ్మ బతిమాలి బతిమాలి వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది.

ఆయన్ను లేపి కూర్చోబెట్టింది చిల్కానగర్ పాఠకుడొకడు. పేరు రాసేవాడు కాదు, ఊరు మాత్రం రాసేవాడు. పత్రిక వెనక వంకర అక్షరాలతో తిట్టేవాడు. "ఏంది సారూ, మూడు నెలల సంది మీ రాకెట్ గాల్లనే ఉన్నది. డీజిల్ ఒడిసిందా?" అని ఒకసారి. "మీ కెప్టెన్‌కు అన్నం లేదు, నీళ్లు లేవు, ముచ్చట్లు మాత్రం మస్తున్నయ్" అని ఇంకోసారి. నాయినకు ఒళ్లు మండేది. "వానికేం తెల్సు రాకెట్ గురించి! కాయితం తే బిడ్డా" అనేవాడు. రాయడానికి బలం కావాలని గోలీ వేసుకునేవాడు, గంజి తాగేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన రాసిన కాగితాలు ఇవ్వడానికి పక్కింటికి వెళ్లాను. అక్క ఎడమచేత్తో, నాలుక కరుచుకుని, పత్రిక వెనక పేజీలో వంకర అక్షరాలు రాస్తోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మా నాయినను తిట్టేది నువ్వా అక్కా?"

అక్క పెన్ను కింద పెట్టింది. టీబీ సంగతి తెలిసిన నెలే అన్ని ఇళ్లవాళ్లూ పత్రిక వద్దన్నారట. నాయిన కాగితాలు ఇందులో లేవు, అంతా తన చేతిరాతే అని అక్క చెప్పినా గడప దాటనివ్వలేదట. ఇప్పుడు దాన్ని అందుకునేది మా ఇల్లొక్కటే.

"మొదలు మంచిగున్నదనే రాసిన. సదివి, పక్కన వెట్టి పండుకున్నడు. తిడితేనే లేసి కూసున్నడు. నువ్వు జెప్పకు చెల్లె."

చెప్పలేదు. తొమ్మిదో భాగం సగంలో నాయిన పోయాడు. రాకెట్ దిగలేదు. ముందురోజు కూడా "ఈసారి వాని నోరు మూయిస్త" అన్నాడు. నేను తలూపాను.

తర్వాత ముప్పై ఏళ్లు దినపత్రికలో ఆదివారం కథలు ఎంచే పని చూశాను. బాగుందని ఒక్క ముక్క రాసి పంపడం నాకు చేతకాలేదు. రచయితకు ఎక్కడ రోషం వస్తుందో వెతికి, అక్కడొక ప్రశ్న రాసేదాన్ని. చాలామంది నన్ను గయ్యాళి అన్నారు. వాళ్లలో కొందరు మళ్లీ రాశారు. నాయినకు నిజం చెప్పి ఉండాల్సిందా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎవరూ అడగని కథ కోసం ఆయన చేదు గోలీలు మింగాడు. ఆ వెనక గదిలో, తనకోసం ఒకడు కోపంగా కాచుకుని ఉన్నాడని నమ్మి పోయాడు. ఆ అబద్ధంలో నా పాలు కూడా ఉంది. దాన్ని వదులుకోలేను.