విడిది పరుపులు

మా నాయన బడిపంతులు. జీవితమంతా ఊళ్లోని పిల్లలకు పరీక్షలు పెట్టిన మనిషి. నా పెళ్లప్పుడు మాత్రం ఆయనే పరీక్షకు కూర్చున్నాడు. మాది జమ్మలమడుగు, మగపెళ్లివారిది పులివెందుల. పెళ్లి ప్రొద్దుటూరులో. కల్యాణమండపం పక్కనే ఉన్న లాడ్జిలో వాళ్ల విడిది కోసం ఏసీ గదులు తీసుకున్నాడు. సబ్బులు, దువ్వెనలు, కొబ్బరినూనె, పౌడరు డబ్బా, ఆఖరికి బొట్టుబిళ్లల అట్టలు కూడా గదిగదికీ సర్దాడు. లాడ్జి దుప్పట్లు మాసినట్టున్నాయని ఇంటి నుంచి కొత్తవి తీసుకుపోయి తన చేతులతో పరిచాడు. పరుపు ఎత్తి చూడాలని మాత్రం ఆయనకు తోచలేదు.

ముందురోజు సాయంత్రం మగపెళ్లివారు దిగారు. మా మామ అప్పటికే పోయాడు కాబట్టి పెద్దరికమంతా ఆయన అన్న, మా పెద్దమామది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. మండపం వాకిట్లో కుర్చీ వేయించుకుని, ఎక్కడ లోటు దొరుకుతుందా అని చూస్తున్నాడు. మా అత్త సామాన్లు దించనివ్వకుండా, గదులు చూసొస్తానని ఒక్కతే లాడ్జిలోకి పోయింది. తిరిగొచ్చి మా నాయనను పిలిచింది.

“గదులు శానా బాగుండాయన్నా. కానీ నాకు ఏసీ పడదు, ఊపిరాడదు. మేమంతా మండపం మిద్దె మీద పండుకుంటాం. జంపఖానాలు ఇప్పిచ్చు, సాలు.”

నాయన మొహం వాడిపోయింది. “మీ గదిలో ఏసీ బంద్ చేపిస్తా కదమ్మా. తక్కినోళ్లన్నా గదుల్లో ఉంటే బాగుంటాది.”

“వద్దన్నా. నేనొకతాన, వీళ్లొకతాన యాల? అందరం ఒక్కతాన్నే ఉంటాం.”

పెద్దమామ కుర్చీలోంచి లేచాడు. “మగపెండ్లోల్లను మిద్దె మీద పండబెట్టేది యాడన్నా ఉందా? ఏందమ్మా ఇది?”

“అడిగింది నేను బావా. ఆయప్ప ఏం జేస్తాడు? తిట్టేదుంటే నన్ను తిట్టు.”

ఆయన తిట్టాడు కూడా. నలుగురిలో, గొంతు పెంచి. మా అత్త తల వంచుకుని అంతా విని, సంచులన్నీ మూతులు కట్టించి నేరుగా మిద్దె మీదికి ఎక్కించింది. ఇదంతా పెళ్లికూతురి గది కిటికీలోంచి చూస్తున్న నాకు ఒళ్లు మండింది. నాయన అంత ప్రేమగా సర్దిన గదుల్లో ఒక్కరూ అడుగు పెట్టలేదు. ఎలాంటి మొండిమనిషి ఇంటికి పోతున్నానురా భగవంతుడా అనుకున్నాను. ఆ తర్వాత మా చుట్టాల్లో ఆమెకు ‘ఏసీ పడని వియ్యపురాలు’ అనే పేరు పడిపోయింది.

అత్తగారింట్లో కూలరే తప్ప ఏసీ లేదు. అందుకని ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మా మధ్యకు రాలేదు. మొన్న ఎండాకాలం బంధువుల గృహప్రవేశానికి మా ఆయన, నేను, అత్త ప్రొద్దుటూరు పోయి ఒక హోటల్లో దిగాం. నేను సంచి మంచం మీద పెట్టబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

“నిలబడు పాపా. ముందు దాన్ని బాత్రూంలో పెట్టు.”

దుప్పటి మూల తీసింది. పరుపు ఎత్తి, కుట్టు వెంబడి గోరు పోనిస్తూ చూసింది. ఫోన్ లైటు వేసి తలగడల అడుగు, మంచం తలవైపు చెక్క సందులు వెతికింది. “నల్లి పగలు బయటికి రాదు. దాని నల్ల మరకలు కనబడతాయి” అంది. ఏమీ లేవని తేలాక చేతులు కడుక్కుని హాయిగా కాళ్లు చాపింది.

“ఆ ఏసీ కొంచెం పెంచు పాపా, ఉడికిపోతాండా.”

నేను రిమోట్ అందుకుని ఆమె వైపు తిరిగాను. “మీకు ఏసీ పడదు కదా అత్తా?”

నోరు జారినట్టు ఆమెకు అప్పుడు తెలిసింది. కాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

“ఆ పొద్దు పరుపు ఎత్తితే కుట్ల నిండా నల్లులే పాపా. పెండ్లిండ్ల కాలం, ఇంకో లాడ్జి యాడ దొరుకుతాది? మీ పెద్దమామకు తెలిస్తే వాకిట్లోనే మీ నాయన్ను నిలబెట్టి కడిగేస్తాడు. ఇంట్లోంచి కొత్త దుప్పట్లు తెచ్చి పరిచినాడు ఆయప్ప. వాటి మడతలు గూడా పోల్యా. ఆ మనిషితో ఎట్ల చెప్పేది?”

పరుపు ఎత్తి చూడటం ఆమె మా మామ వైద్యానికి తిరిగిన రోజుల్లో నేర్చుకుందట. ఆస్పత్రి పక్క లాడ్జీల్లో, అసలే ఒంట్లో బాగాలేని మనిషి నల్లులకు గోక్కుంటూ నిద్ర లేకుండా పడుకుంటే చూడలేక. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. “మీ నాయనకు చెప్పొద్దు” అని మాట తీసుకుంది.

తర్వాత నెలకే మా చెల్లెలి పెళ్లి కుదిరింది. నేను జమ్మలమడుగు పోయేసరికి నాయన చెమటలు కక్కుతూ బయటి నుంచి వచ్చాడు.

“విడిది గదులు చూసొస్తాండామ్మా. పరుపులన్నీ ఎత్తిచ్చి చూసినా.”

ఆయన నా మొహం చూసి, నాకు తెలుసని గ్రహించినట్టున్నాడు. గొంతు తగ్గించాడు.

“నీ పెండ్లయినాక మన దుప్పట్లు తెచ్చుకోను పోతిని. తీస్తాంటే కనబడినాయి. ఆ మంచం మీద కూచోను గూడా మనసొప్పల్యా. నిలబడే ఏడ్సినా.”

“అత్తతో ఒక్క మాట ఎందుకు అనలేదు నాయనా?”

“నాకు తెలీకూడదనే కదమ్మా, ఆయమ్మ అందరిలో మాట పడింది. తెలుసని చెప్తే ఆయమ్మ పడిందంతా వట్టిదైపోదా?”

చెల్లెలి పెళ్లి పనులకు అత్త కూడా వచ్చింది. మధ్యాహ్నం ఎండకు మా ఇంటి నాపరాళ్లు సెగలు కక్కుతున్నాయి. ఆమె గడప దాటగానే నాయన గబగబా లేచి, ఈ మధ్యే కొన్న ఏసీ ఆపేశాడు. కిటికీలన్నీ తెరిచాడు. “మీకు పడదు కదమ్మా” అన్నాడు.

“ఎంత గ్యాపకమన్నా నీకు” అంది అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ.

నాయన విసనకర్ర తెచ్చి ఆమె చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ చెమట ధారగా కారుతోంది. వాళ్ల మధ్య కూర్చున్న నాకూ కారుతోంది. ముగ్గురిలో ఎవరూ ఆ స్విచ్చి జోలికి పోలేదు.