పాప పుట్టు వెంట్రుకలు

పదకొండో నెల దాటిపోతున్నా మా పాపకు పుట్టు వెంట్రుకలు తీయించలేదు. అత్తగారిది రోజూ ఒకటే గొడవ. "ఏటే, ఆ జుట్టు సూడు, కళ్ళమీద పడిపోతన్నాది. మంగలికి ఎప్పుడు కబురెడతావు?" మూడో ఏట తీయిస్తానని మొక్కుకున్నానంటూ అబద్ధమాడాను.

అసలు సంగతి ఆవిడకు తెలియదు. నాకూ మా ఆయనకూ హెచ్ఐవీ ఉందని, పాప కడుపులో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో బయటపడింది. పాపకు లేదని ఖాయంగా చెప్పాలంటే పద్దెనిమిది నెలలు నిండాక ఆఖరి పరీక్ష చేయాలన్నారు. అంతదాకా ఆ తలమీద కత్తి పెట్టనివ్వకూడదనుకున్నాను. ఎక్కడైనా గీసుకుంటే? అదే కత్తి ఇంకో బిడ్డకు తగిలితే? కొత్త బ్లేడు వాడమంటే సరిపోయేది, నిజమే. కానీ ఎందుకమ్మా అని మంగలి అడిగితే ఏం చెప్పను? మా లంజిపల్లిలో ఒకింట్లో పప్పు మాడితే నాలుగిళ్ళకు తెలుస్తుంది.

మా ఆయనది చీరల వ్యాపారం. సరుకు కోసం సూరత్ వెళ్ళేవారు. అక్కడ ఏం వెలగబెట్టారో అడిగాను, చెప్పారు. పది రోజులు మా మధ్య మాటల్లేవు. ఆ కోపం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పను. మాత్రలు మాత్రం ఇద్దరం ఒకే వేళకు వేసుకుంటాం. సీసా మీది కాగితం చింపేసి పోపుల డబ్బా వెనక దాస్తాను.

పాపనెత్తుకుని పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడల్లా కొంగు మా ఇద్దరి ముఖాలమీదా కప్పేసేదాన్ని. ఒకరోజు ఆ మాత్రలిచ్చే వరసలో పక్కన కూర్చున్నామె నన్ను గుర్తుపట్టింది. రంభ అనే ఊళ్ళో చేపలమ్ముకునే మనిషి, పండగ చీరలు మా కొట్లోనే కొంటుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"సావుకారమ్మా, ఆ కొంగు తియ్యి. బిడ్డకి ఊపిరాడ్డం నేదు," అంది నెమ్మదిగా.

ఆమె భర్త గుజరాత్ పడవల మీద పనికెళ్ళి, ఇదే జబ్బు ఆమెకూ అంటించి, తిరిగొచ్చాక పోయాడట. సంగతి ఊరంతా తెలిసి, ఏడాదిపాటు ఆమె బుట్టలో చేప ఎవరూ ముట్టలేదట.

"మాకు దాసుకోడానికి గోడలేవి? అందరూ తిట్టినారు, తిట్టి తిట్టి ఊరుకున్నారు. ఇప్పుడు మా పేటోళ్ళం నలుగురం ఒకే ఆటోలో వత్తాం. నీకు తోడెవులు?"

నాకెవరూ లేరు. వాళ్ళు పడ్డ మాటలు నేను పడలేదు. కానీ ఆ ఆటోను చూస్తే నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు. ఆ తర్వాత నా తారీఖు కూడా వాళ్ళొచ్చే రోజుకే మార్పించుకున్నాను.

ఆఖరి పరీక్ష ఫలితం చెప్పిన రోజు ఆమె నా పక్కనే ఉంది. పాపకు ఏమీ లేదన్నారు. నేను నమ్మలేక రెండోసారి చెప్పించుకున్నాను. ఆమె మాత్రం మొదటిసారికే నమ్మేసి, నా భుజమ్మీద తల పెట్టి ఏడ్చింది.

పాపకు మూడో ఏడు పడగానే మంగలి వచ్చాడు. ముందే కొనుంచిన కొత్త బ్లేడు అతని చేతిలో పెట్టాను. "నాకాడా కొత్తయే ఉన్నాయమ్మా, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడను," అంటూ పెట్టె తెరిచి చూపించాడు. ఏడాదికి పైగా నేను భయపడ్డ ప్రశ్న అతని నోట రానేలేదు.

సగం గీశాక పాప ఒక్కసారిగా తల విదిలించింది. చెవి పైన గీసుకుని చుక్క రక్తం వచ్చింది. మంగలి దాన్ని బొటనవేలితో తుడిచేశాడు. ముట్టుకోకు అనే మాట నా గొంతుదాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, అది ఉత్త రక్తమే. పాప ఊరుకుంది గానీ నాకే ఏడుపు ఆగలేదు.

"సిన్న గీతే కదమ్మా, పసుపెడితే తగ్గిపోతాది. దీనికే ఏడుత్తావేటి?" అన్నాడు మంగలి.

"అవును, చిన్న గీతే," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.