పంచదార డబ్బాకు కాపలా

ఆఫీసులో ఆమెను అందరూ 'జోలపాట' అనేవారు. సెన్సర్లను నిద్రపుచ్చడమే ఆమె ఉద్యోగం మరి. గోదాముల్లో వేడినీ తేమనూ కనిపెట్టే ఆ చిన్న పరికరాలకు తీగలుండవు, ఉన్నదల్లా చొక్కా గుండీ అంత బ్యాటరీ. అన్నీ ఒకేసారి మేలుకుని కూర్చుంటే అది చూస్తుండగానే చస్తుంది. అందుకని ఒకటి మేలుకుంటే పక్కవి కునుకు తీసేలా వంతులు వేసేది. ఆ వంతుల మీద ఆమెకు వల్లమాలిన నమ్మకం.

ఇంట్లో అత్తగారి దిగులు వేరు. మామగారికి షుగరు జబ్బు. పంచదార డబ్బా మాత్రం పందికొక్కు పడ్డట్టు తరిగిపోతోంది.

"మీ మామయ్య నోరు కట్టుకోలేరమ్మా. నీ బొమ్మలేవో తెచ్చి కాపలా పెట్టు."

"నేను దాని మొహం కూడా చూళ్లేదు," అన్నారు మామగారు. ఎవరూ నమ్మలేదు.

కోడలు ఆఫీసులో అడిగి కదలికను కనిపెట్టే రకం సెన్సర్లు మూడు తెచ్చి వంటింటి గుమ్మానికి, కిటికీకి, అలమరకు అతికించింది. వంటిల్లు సర్దేశాక వాటి దగ్గర ఎవరు కదిలినా ఆమె ఫోను మోగుతుంది. అత్తగారు పక్కనే నిలబడి అంతా శ్రద్ధగా చూసింది.

"ఇవి పడుకునేది ఎప్పుడు?"

"వంతులవారీగా, అత్తయ్యా. పచ్చలైటు వెలిగితే మేలుకున్నట్టు. ముందు గుమ్మం, తర్వాత కిటికీ, ఆ తర్వాత అలమర."

"ఎంత తెలివే నీకు," అంది అత్తగారు మురిసిపోతూ.

ఫోను మోగలేదు. పంచదార తరగడం ఆగలేదు. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, చడీచప్పుడు లేకుండా వచ్చి తెర చాటున నిలబడింది. మామగారు కుర్చీలో గుర్రు పెడుతున్నారు. అత్తగారు గుప్పిట్లో చెంచాతో వచ్చింది. గుమ్మం, అలమర కునుకు తీసి కిటికీ దగ్గర పచ్చలైటు వెలిగేదాకా ఆగి, కిటికీకి దూరంగా గోడవారగా నడిచి, అలమర తీసి, రెండు చెంచాలు నోట్లో వేసుకుని, మూతి తుడుచుకుని వెళ్లిపోయింది.

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరస మారని వంతులను ఎవరైనా కంఠతా పట్టేస్తారు మరి. ఆ సాయంత్రమే చీటీలు తీసినట్టు ఏది ఎప్పుడు మేలుకుంటుందో ముందుగా తెలియకుండా మార్చేసింది. ఆఫీసులో కూడా అలాగే మార్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఫోను గొల్లుమంది. పరుగెత్తి చూస్తే అలమర ముందు గిన్నెతో ఆమె మొగుడు.

"మీరా?"

"అమ్మ తెమ్మంది," అన్నాడతను బిక్కమొహంతో. "లైట్లేవో తిక్కతిక్కగా వెలుగుతున్నాయట."

"చూశావా అమ్మాయ్," అంది హాల్లోంచి అత్తగారు తొణక్కుండా. "ఈ ఇంటి మగాళ్లను నమ్మకూడదని చెప్పానా లేదా?"

ఆ రోజు నుంచి అలమర తాళంచెవి మామగారి దగ్గరే ఉంటోంది.