డాబా మీద మావ, ఆకాశంలో నేను

పెళ్ళిచూపులు చెడగొట్టుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. కుదరబోయే పెళ్ళిని ఆకాశంలోంచి కూల్చుకోబోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. నవ్వితే నవ్వండి, ఏమీ అనుకోను.

అప్పట్లో నాకు శ్రీకాకుళంలో ఓ చిన్న ఫోటో స్టూడియో, కొత్తగా కొన్న డ్రోను, ఆ రెంటికీ మించిన గర్వం ఉండేవి. కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో వరసకి మావయ్యే ఆయన కూతురు భాను అంటే నాకు ప్రాణం. మావ మాత్రం ఎప్పుడడిగినా "సూద్దాంలేరా" అని మీసం దువ్వుకునేవాడు. ఆయన్ని ఎలాగైనా మెప్పించాలి.

పాత సామాన్ల కొట్లో ఆ పల్లె బొమ్మ ఉన్న పోస్టుకార్డు దొరికింది. తెరచాప పడవలు, తాటాకు ఇళ్ళు. దానికి జోడీగా ఇప్పటి పల్లెను ఎవరికీ చెప్పకుండా డ్రోనుతో పైనుంచి తీసి, పాత కార్డులాగే పసుపురంగుకి మార్చాను. రెంటినీ తలుపంత పెద్దవి చేయించి, ఫ్రేములు కట్టించి, ఆటోలో మావ ఇంటికి పట్టుకెళ్ళాను. అచ్చుకిచ్చే ముందు పడవలు చూశాను, అలలు చూశాను. డాబాల మీద ఎవరున్నారో చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

వీధంతా వచ్చి ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారు. "మనోడు గట్టోడే" అన్నాడు మావ. నా చెవుల్లో సన్నాయి మొదలైంది. ఇంతలో అత్త కళ్ళద్దాలు పెట్టుకుని కొత్త ఫోటో మీదికి వంగింది.

"ఇది మన డాబా కాదేటి?"

"మనదే అత్తా," అన్నాను హుషారుగా.

"మరి ట్యాంకు సాటున కూకుని ఎండుసేప కాల్సుకు తింతన్నోడు ఎవుడు?"

మావకి బీపీ. ఉప్పుచేప ముట్టొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఎండబెట్టిన చేపలు తగ్గిపోతుంటే అత్త పాపం పిల్లిని అనుమానించి పక్క ఊళ్ళో వదిలేసి వచ్చింది. ఫోటోలో మావ సరిగ్గా నా డ్రోను వైపే తలెత్తి చూస్తున్నాడు, నోట్లో చేప తోకతో.

మావ నన్ను చూసిన చూపుకి నా పెళ్ళి భోజనాలతో సహా సముద్రంలో కలిసిపోయింది. అప్పుడైనా నోరు మూసుకోవాలా? నేనా?

"అత్తా, ఇదీ పాత ఫోటోయే. ఆయన మావ కాదు, తాత."

మావకి ప్రాణం లేచొచ్చింది. "అవునవును, మా అయ్యే. అచ్చం నా పోలికే."

అత్త అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "మీ అయ్య ఆ కాలంలోనే డాబా ఏసి, దాని మీద టీవీ డిష్షు కూడా ఎట్టించీసాడేటయ్యా?"

వీధి వీధంతా నవ్వింది. తలుపు వెనక భాను నవ్వు కూడా వినిపించింది. మావ నేలచూపులు చూస్తున్నాడు. నేను ఫ్రేములు పట్టుకుని మెల్లిగా బయటికి జారబోయాను.

"ఎక్కడికి, కూకో," అంది అత్త. తర్వాత మావ వైపు తిరిగింది. "ఏటయ్యా, పిల్లని ఈడికే ఇచ్చీద్దాం. ఇంత అద్దోన్నంగా, ఇట్టే దొరికిపోయీలాగ అబద్దమాడీవోడైతే, మన పిల్ల నాలాగ ఇన్నాళ్ళు మోసపోదు."

మావ నేలచూపులు వదలకుండానే తలూపాడు. ముహూర్తం కుదిరింది. పెళ్ళిలో అగ్నిసాక్షిగా ఇంకో ప్రతిజ్ఞ కూడా చేశాను: ఇకమీదట ఎవరింటి ఫోటో తీసినా నేల మీదే నిలబడి, గుమ్మం దగ్గర గట్టిగా దగ్గి, లోపలివాళ్ళు మూతి తుడుచుకున్నాకే తీస్తాను.